అనుమతి లేని తొర్ర

మా అడవిలో తొర్రలు తక్కువగా ఉన్నాయన్న సంగతి పై ఆఫీసు నుంచి కాగితం వచ్చేదాకా మాకెవరికీ తెలియదు. దొండకోన రేంజి ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని, ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు. చిరుతలు తగ్గాయని కాగితం వస్తే తగ్గాయని జవాబు రాశాను, పెరిగాయని వస్తే పెరిగాయని రాశాను. తొర్రల గురించి మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడగనివాటికి రిజిస్టరు పెట్టే అలవాటు మా శాఖకి లేదు.

జరిగిందేమిటంటే, మా పెద్ద అధికారి చిత్తరంజన్ గారు పరదేశం వెళ్ళొచ్చారు. అక్కడ ఓక్ అనే చెట్ల అడవిని కంచె వేసి, కాపలా పెట్టి, కంటికి రెప్పలా కాపాడుకుంటున్నారట. ఒక్కో చెట్టుకి ఐదారు వందల ఏళ్ళు. ఆ ముసలి మానుల్లో తొర్రలు పడి, వాటిలో గుడ్లగూబలూ గబ్బిలాలూ ఉడుతలూ పురుగూ పుట్రా వందల రకాలు కాపురాలు ఉంటున్నాయట. ఆ చెట్ల కింద ఆయన నిలబడి తీయించుకున్న ఫొటోలు నూట నలభై మాకు తెర మీద చూపించారు. ఆఖరి ఫొటో అయ్యాక లైట్లు వేయించి, "మిత్రులారా! రహస్యం చెట్టులో లేదు, తొర్రలో ఉంది" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

పదిరోజుల్లో సర్క్యులర్ దిగింది.

"రక్షిత అటవీ ప్రాంతములయందు వన్యప్రాణులు ఆశించిన మేరకు వృద్ధి చెందకపోవుటకు తొర్రల కొరతయే మూలకారణమని గుర్తించడమైనది. కావున హెక్టారు ఒక్కింటికి పన్నెండు తొర్రలకు తగ్గకుండా డిసెంబరు మాసాంతములోగా ఏర్పాటు గావించవలెను. ఓక్ వృక్షములు లేనిచోట తత్సమానమైన దేశీయ వృక్షములను ఓక్ వృక్షములుగా భావించవలెను."

మా రేంజర్ పద్మనాభం గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నన్నడిగారు. "ఓక్‌కి సమానమైన చెట్టు మన దగ్గరేదయ్యా?"

"తెలీదండి."

"పోనీ ఎక్కువున్న చెట్టేది?"

"నల్లమద్దండి."

"అయితే అదే సమానం. ప్రొసీడింగ్స్ రాయి."

రాశాను. ఆ సాయంత్రానికి మా కొండ మీద నల్లమద్ది చెట్లన్నీ ఓక్ చెట్లయిపోయాయి.

మర్నాడు సిబ్బందిని పిలిచి పద్మనాభం గారు పని వివరించారు. మనిషి చెడ్డవాడేం కాదు, వాస్తు పిచ్చి ఉందంతే. ఆఫీసు గుమ్మం మూడుసార్లు మార్పించారు, నాలుగోసారి మార్చడానికి గోడ మిగల్లేదు. తొర్ర మూతి పదిహేను సెంటీమీటర్ల వెడల్పు, లోతు నలభై అయిదు అని సర్క్యులర్లో ఉంది గానీ దిక్కు ఏదో లేదు. ఆ లోటు ఆయన పూడ్చారు. అన్ని తొర్రలూ తూర్పు ముఖం గాని, ఈశాన్యం గాని ఉండాలి. దక్షిణం ఛస్తే కూడదు.

వెనక వరసలో నిలబడ్డ వాచరు బొజ్జిరెడ్డి చెయ్యెత్తాడు. బొజ్జిరెడ్డి ఇంటిపేరు పల్లాల, అడవిలోని వెలగలగూడెంలో ఉండే కొండరెడ్డి. పంతొమ్మిదేళ్ళుగా మా దగ్గర రోజుకూలీ వాచరుగా ఉన్నాడు. అతణ్ణి పర్మనెంటు చేసే ఫైలు పదకొండేళ్ళుగా నా బీరువాలోనే ఉంది.

"తొర్ర మనం సేసేది కాదండి, సెట్టే ఏసుకుంటాదండి. కొమ్మిరిగిన సోట నీళ్ళు దిగి, పుచ్చి, పిట్ట పొడిచి, అప్పుడవుద్దండి. అరవై డెబ్బయ్యేళ్ళు పడతాదండి."

"మనకి డిసెంబరు దాకానే టైముందయ్యా బొజ్జిరెడ్డీ" అన్నారు పద్మనాభం గారు, చాలా ఓపిగ్గా.

నా వంతు రిజిస్టరు తయారుచేయడం. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ అలాంటి రిజిస్టరు మా సర్కిల్లో ఇంకో గుమస్తా గీయలేడు. పద్నాలుగు గడులు. తొర్ర నంబరు, చెట్టు నంబరు, దిక్కు, మూతి వెడల్పు, తొర్ర చేసిన తేదీ, ఏ ఉత్తర్వు ప్రకారం చేశారు, ఎవరు చేశారు, ఇలా. చేసిన తేదీ లేకుండా తొర్ర ఎలా ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. ఆ గడే ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

పది డ్రిల్లింగు మిషన్లు దిగాయి. రెండు నెలలు అడవంతా ఒకటే రొద. పచ్చగా నిక్షేపంలా ఉన్న చెట్ల పొట్టలో బెజ్జాలు పడ్డాయి. కోతులు పక్క మండలానికి వెళ్ళిపోయాయి. డిసెంబరు ఇరవై తొమ్మిదికి నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు తొర్రలు పూర్తయ్యాయి, ఒక్కో తొర్ర మీద ఒక రేకు నంబరు. ప్రారంభోత్సవానికి చిత్తరంజన్ గారు స్వయంగా వచ్చి ఒకటో నంబరు తొర్రకి కట్టిన రిబ్బను కత్తిరించారు. చెట్టు మొదట్లో పాలు పొంగించాం. పంతులు గారు గృహస్థు పేరూ గోత్రమూ అడిగితే పద్మనాభం గారు కాస్త తడబడి, "గుడ్లగూబ వగైరా అనండి" అన్నారు. పంతులు గారు అలాగే అన్నారు.

ఫిబ్రవరిలో తనిఖీ. ఎన్ని తొర్రల్లో ఎన్ని ప్రాణులు చేరాయో లెక్క చెప్పమన్నారు. సిబ్బంది వారం రోజులు నిచ్చెనలు మోసుకుని తిరిగి లెక్క తెచ్చారు. తొర్రల్లో అకాల వాన నీళ్ళు నిలిచి, దోమలు విపరీతంగా పెరిగాయి. ఇంకేమీ లేవు. పద్మనాభం గారు ధైర్యం చేసి "నివాసులు: అసంఖ్యాకం" అని రాయించారు. అప్పటికే క్వార్టర్సులో నలుగురికి మలేరియా.

ఆ లెక్క చూసి చిత్తరంజన్ గారు కొత్త నిబంధన జారీ చేశారు. అది ఏడో క్లాజు. "నివాసి యనగా వెన్నెముక గలదై, కార్యాలయ వేళలయందు తొర్రలో నాలుగు గంటలకు తక్కువ కాకుండా నిలకడగా ఉండి, అధికారి కంటికి కనిపించిన ప్రాణి." దాని వెంటనే ఎనిమిదో క్లాజు. "నివాసి యున్న తొర్రను, సదరు వృక్షమును ఏ కారణముచేతను తొలగింపరాదు." దాంతో మా అసంఖ్యాకం కాస్తా సున్నా అయింది.

నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు తొర్రలకి నివాసులు సున్నా. మార్చి మొదటివారంలో దీని మీద మీటింగు పెట్టారు. మేమంతా తలలు దించుకుని కూర్చున్నాం. చిత్తరంజన్ గారు కోప్పడలేదు. ఆయన కోప్పడరు, ఆలోచిస్తారు. అదే మా ఖర్మ.

"మనం ఇన్ని వసతులు కల్పిస్తే ప్రాణులెందుకు రావడం లేదు? ఎందుకంటే వాటికి వేరే చోట బస ఉంది! ప్రకృతిసిద్ధమని చెప్పుకుంటున్న పాత తొర్రలు, ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ కొలతా పాటించకుండా వెలిసినవి. అవి ఉన్నంతకాలం అధీకృత తొర్రల వైపు ఒక్క ప్రాణి కూడా తొంగిచూడదు. ముందు వాటి సంగతి తేల్చండి."

సర్వే చేశాం. అరవై ఒక్క ముసలి చెట్లలో పాత తొర్రలు రెండు వందల పన్నెండు తేలాయి. నా రిజిస్టర్లో ఎక్కించబోతే ఐదో గడి దగ్గర ఆగిపోయింది, చేసిన తేదీ లేదు. ఏ ఉత్తర్వు ప్రకారమో లేదు. ఎవరు చేశారన్న చోట బొజ్జిరెడ్డి తను కాపలా కాసే బీటులో తొర్రలన్నిటికీ "వడ్రంగి పిట్ట" అని చెప్పి రాయించాడు. టెండరు పిలవకుండా పని చేసినందుకు ఆడిటు అభ్యంతరం పెట్టింది. తేదీ లేనివి, ఉత్తర్వు లేనివి అనధికార తొర్రలని తీర్మానం అయింది. అరవై ఒక్క చెట్లనూ "సంరక్షణ నిమిత్తం" కొట్టేయాలని ఆర్డరు వచ్చింది.

నేను గీసిన గడి వల్ల ఇంత అవుతుందనుకోలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "ఐదో గడి తీసేద్దామాండి?" అని అడిగాను. "ప్రింటయిపోయాయి కదయ్యా" అన్నారు పద్మనాభం గారు. నిజమే, ప్రింటయిపోయాయి.

ఏప్రిల్, మే నెలల్లో అరవై చెట్లు పడ్డాయి. వాటిలో ఉన్న ప్రాణులు అధీకృత తొర్రలకి వెళ్ళలేదు. మా ఆఫీసుకొచ్చాయి. రికార్డు రూములో మానుపిల్లి పిల్లల్ని పెట్టింది. అటక మీద గుడ్లగూబలు రెండు చేరి, నేను ఏ ఫైలు తీసినా తల తిప్పి చూసేవి. ఉడుత ఒకటి స్టాంపుల ప్యాడు పట్టుకుపోయింది. ఇవన్నీ తొర్రల్లో లేవు గనుక లెక్కలోకి రావన్నారు.

అరవై ఒకటో చెట్టు బొజ్జిరెడ్డి బీటులో, గెడ్డవాగు ఒడ్డున ఉంది. దాన్ని పెద్దమద్ది అంటారు. నలుగురు చేతులు చాచి పట్టుకున్నా చుట్టుకొలత అందదు. అందులో తొమ్మిది తొర్రలు. కొట్టడానికి గుర్తు వెయ్యమంటే బొజ్జిరెడ్డి వెయ్యలేదు. మెమో ఇవ్వమని పద్మనాభం గారు నాకు చెప్పారు. మెమో పట్టుకుని వెళ్ళాను.

"మెమో తరవాత ఇద్దురు గానీ, ఓ సారి ఇలా రండి గుమస్తాగారూ" అని చెయ్యిపట్టుకుని పొదల చాటుకి లాక్కెళ్ళాడు. "మాటాడకండి. పైన మూడో తొర్ర సూడండి. మట్టెట్టి మూసేసి లేదూ?"

మూసేసే ఉంది. మధ్యలో వేలెడు సందు మాత్రం ఉంది.

ముప్పావుగంట కూర్చున్నాం. చీమలు కుట్టాయి. విసుక్కోబోతుంటే పైన ఎవరో పెద్ద చాప దులుపుతున్నట్టు చప్పుడైంది. నల్లటి పక్షి, ఇంతది, వచ్చి ఆ సందు ముందు వాలింది. పసుపుపచ్చటి ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు కొమ్ము. గొంతులోంచి ఒక మేడిపండు పైకి తెచ్చి ముక్కు కొసన పట్టుకుని సందులో పెట్టింది. లోపల్నుంచి ఇంకో ముక్కు కొస వచ్చి అందుకుంది. తర్వాత ఇంకో పండు. నాకు లెక్కపెట్టే రోగం ఉంది కదా, ఇరవై మూడు.

"లోపల ఆడదండి. ఉగాదికి ముందు లోపలికెళ్ళి మూసేసుకుంది. రెక్కల ఈకలన్నీ రాల్సేసుకుంటాదండి. గుడ్డెట్టి, పిల్లెదిగేదాకా బయటికి రాదు, ఎగరలేదు. మగోడే తెచ్చెట్టాలి. ఇప్పుడు సెట్టు కొడితే లోపలే సచ్చిపోతారండి, తల్లీ పిల్లలూనూ."

"ఎప్పుడొస్తుందయ్యా బయటికి?"

"తొలకరికండి. ఇంకో నెల. మా తాతల నాటి నుంచీ, ఈ పిట్ట లోపలున్నన్నాళ్ళూ ఈ సెట్టు కింద గొడ్డలి బుజానేసుకుని నడవమండి. సేత్తో పట్టుకుని, మూతి కిందికి దించి నడుత్తాం. అట్టాంటిది నన్ను గుర్తేయమంటారేటండీ?"

మెమో జేబులోనే ఉంచుకుని వచ్చేశాను. పద్మనాభం గారికి చెప్పాను. ఆయన పాపం కాసేపు బాధపడ్డారు. "మూసేసుకుందా? ఏ దిక్కుకి?" అన్నారు. "దక్షిణానికండి" అన్నాను. "అదీ సంగతి" అని నిట్టూర్చారు.

చేతనైంది చేద్దామని, ఖాళీ చేయమనే నోటీసులో గడువు ముప్పై రోజులని రాశాను. ఆయన ఎర్ర సిరాతో ఏడు చేశారు. "ఈ వృక్షమునందలి తొర్రల నివాసులు ఏడు దినములలోగా ఖాళీ చేసి సమీపమునందలి అధీకృత తొర్రలకు తరలిపోవలెను. తప్పినయెడల తదుపరి పరిణామములకు తామే బాధ్యులు." ఆ నోటీసు పెద్దమద్దికి అంటించింది నేనే. అంటిస్తున్నంతసేపూ పైకి చూడలేదు.

ఎనిమిదో రోజు ఉదయం పదింటికి చిత్తరంజన్ గారు వచ్చారు. నాలుగు జీపులు, ఒక ఫొటోగ్రాఫరు, చెట్టు కొట్టేవాళ్ళు ఆరుగురు. అరవై ఒకటికి అరవై ఒకటీ పూర్తయ్యే ముహూర్తం ఆయన చూడాలనుకున్నారు. బొజ్జిరెడ్డి చెట్టు మొదట్లో నిలబడి చేతులు జోడించాడు.

"దొరగారూ, లోపల పిట్టుందండి. ఒక్క నెలాగండి. ఆ తరవాత మీ ఇట్టం."

చిత్తరంజన్ గారు న్యాయమైన మనిషి. కుర్చీ వేయించుకుని, గడియారం చూసుకుని కూర్చున్నారు. జీపుల చప్పుడికి మగపక్షి ఆ చుట్టుపక్కలకే రాలేదు. లోపలున్నది ఎలాగూ కదలదు. గంటా ఇరవై నిమిషాలు గడిచాయి.

"లోనికి పోయినది లేదు, వెలికి వచ్చినది లేదు. ఇది ఖాళీ తొర్ర అనుటకు ఇంతకన్న శాస్త్రీయమైన ఆధారం అక్కర్లేదు" అన్నారాయన.

"బయటికి రాలేకే కదండీ లోపలున్నాది!" అన్నాడు బొజ్జిరెడ్డి.

"రాలేని స్థితిలో ఉంచారంటే అది అక్రమ నిర్బంధం కూడా అవుతుందండి" అన్నారు పద్మనాభం గారు, తనకి కూడా శాస్త్రం తెలుసునన్నట్టు.

"కానివ్వండి" అన్నారు చిత్తరంజన్ గారు.

మొదటి గొడ్డలి లేచింది. బొజ్జిరెడ్డి ఒక్క ఉదుటున మాను మీది బుడిపెలు పట్టుకుని పైకి పాకాడు. మనిషెత్తుకి రెండింతల పైన చెట్టుకి పెద్ద తొర్ర ఉంది. అందులోకి దూరి, కాళ్ళు లోపలికి ముడుచుకుని కూర్చున్నాడు. మొహం మాత్రం బయటికి కనిపిస్తోంది.

"దిగవయ్యా! ఉద్యోగం పోతుంది!" అని అరిచారు పద్మనాభం గారు.

"దిగనండి."

"నీ పర్మనెంటు ఫైలు ఈ నెలలోనే పైకి పంపుతున్నానయ్యా!"

"పిట్ట దిగాక దిగుతానండి."

బతిమాలారు, బెదిరించారు. భోజనాల వేళయింది. పులిహోర పొట్లాలు విప్పి అందరూ ఆ చెట్టు నీడలోనే తిన్నారు. అతను పైన్నుంచి చూస్తూ కూర్చున్నాడు. మూడింటికి లాక్కురమ్మని ఇద్దరు గార్డుల్ని ఎక్కిస్తే, ఒకడు సగం దాకా ఎక్కి కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోయాడు. రెండోవాడు ఎక్కనే లేదు.

మూడుంపావుకి నేను చేతిలో ఉన్న నిబంధనల పుస్తకం తెరిచాను. ఎందుకు తెరిచానని ఎవరైనా అడిగితే, రూలు చదివి వినిపించడం నా డ్యూటీ అని చెబుతాను.

"ఏడో క్లాజు ప్రకారం" అని గొంతు సవరించుకున్నాను. "వెన్నెముక ఉందండి. కార్యాలయ వేళలేనండి. పదకొండున్నర దగ్గర్నుంచి తొర్రలోనే ఉన్నాడు, ఇంకో పావుగంటకి నాలుగు గంటలు నిండుతాయండి. తమ కంటికి కనిపిస్తూనే ఉన్నాడండి."

పద్మనాభం గారు నన్ను చూసిన చూపు నేను చెప్పను. చిత్తరంజన్ గారు మాత్రం కోప్పడలేదు, ఆలోచించారు. మే నెల నివేదిక ఆ సాయంత్రమే పంపాలి. అందులో నివాసుల గడిలో నాలుగు నెలలుగా సున్నా ఉంది. ఆయన మొహంలో మెల్లిగా కళ వచ్చింది.

"జాతి?" అని అడిగారు.

"క్షీరదం అండి."

"సంఖ్య?"

"ఒకటండి."

"రాసుకోండి. అధీకృతం కాని తొర్ర అయినా నివాసి ఉన్నందున క్రమబద్ధీకరిస్తున్నాం. ఎనిమిదో క్లాజు ప్రకారం చెట్టు జోలికి ఎవరూ పోకూడదు." ఫొటోగ్రాఫరు బొజ్జిరెడ్డి మొహం ఫొటో తీశాడు. జీపులు వెళ్ళిపోయాయి.

చెట్టు బతికింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ సంబరం మూడు రోజులు. నాలుగో రోజున పై ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. "వన్యప్రాణిగా నమోదైన వ్యక్తిని వాచరుగా కొనసాగించుటకు నిబంధనలు అనుమతింపవు. ఇతని పేరును మస్టరు నుండి తొలగించవలెను." ఆ పేరు కొట్టేసింది నా చేత్తోనే. పర్మనెంటు ఫైలు మీద "అర్జీదారు వన్యప్రాణి అయినందున ముగించడమైనది" అని రాసి కట్ట కట్టాను. నేను చదివిన క్లాజే అతని పంతొమ్మిదేళ్ళనీ మింగేసింది.

తనిఖీలన్నీ ఆఫీసు వేళల్లోనే కనుక బొజ్జిరెడ్డి రోజూ పదింటికి తొర్ర ఎక్కి అయిదింటికి దిగేవాడు. మా ఆఫీసులో అంత ఠంచనుగా వచ్చేవాడు ఇంకొకడు లేడు. అతని స్థానంలో కొత్త వాచర్ని వేసి, "క్షీరదం కదలికలు" అని ఒక పుస్తకం ఇచ్చాం. మధ్యాహ్నం బొజ్జిరెడ్డి పెళ్ళాం కన్నమ్మ సొరబుర్రలో జావ తెచ్చి, వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కి అందించేది. పై తొర్ర దగ్గర మగపక్షి పళ్ళు పెడుతుంటే, కింద తొర్ర దగ్గర ఈవిడ జావ పోసేది. కొత్త వాచరు రెండూ రాశాడు.

అది పైకి వెళ్ళింది. వన్యప్రాణులకు ఆహారం పెట్టడం నేరం కాబట్టి కన్నమ్మకి నోటీసు ఇమ్మన్నారు. ఆ నోటీసు అందిన రోజు ఆవిడ అడవిలోంచి తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మీ కాగితాలు తగలెయ్య! నా మొగుడు మనిసి కాదా గుమస్తాగారూ? పంతొమ్మిదేళ్ళు మీ జీపులు తుడిసినప్పుడు మనిసి, మంటలార్పినప్పుడు మనిసి, ఇప్పుడు కూడెడితే నేరమేటి? మీరు రాసేరంట కదా జంతువని! సదువుకున్నోరు, సిగ్గు లేదేటండీ?"

సిగ్గుగానే ఉంది. ఆ మాటే చెప్పాను. ఆవిడ ఒక నిమిషం నన్ను చూసి, నోటీసుని నాలుగు మడతలు పెట్టి సొరబుర్ర మూతికి బిరడాగా కుక్కుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ నిచ్చెన వేసింది. కొత్త వాచరు ఆ వేళకి గెడ్డ వైపు తిరిగి కూర్చోవడం నేర్చుకున్నాడు.

జూన్ రెండో వారంలో తొలకరి పడింది. రెండు రోజుల తర్వాత పద్మనాభం గారు నన్ను వెంటబెట్టుకుని పెద్దమద్ది దగ్గరికి బయల్దేరారు. ఆయన చేతిలో గొడుగు, నా సంచిలో రెండు కాగితాలు. మేం వెళ్ళేసరికి బొజ్జిరెడ్డి తొర్రలో తడిసి ముద్దయి ఉన్నాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"వచ్చేసిందండి గుమస్తాగారూ! ఇయ్యాల పొద్దున్నే మట్టి పొడుసుకుని తల్లొచ్చేసింది. దాని ఎనకాలే రెండు పిల్లలండి! ఒకటి ఆ కొమ్మ మీద సానాసేపు బయపడతా కూకుంది. తండ్రి పిలిత్తే ఎగిరిపోయింది. మీరుంటే బాగుండునండి."

నిజంగానే నేనుంటే బాగుండుననిపించింది. మూడో తొర్ర మూతి దగ్గర పగిలిన మట్టి పెళ్ళలు వేలాడుతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగితే వాన చుక్కలనుకుంటారులే అని తుడుచుకోలేదు.

పద్మనాభం గారు కూడా సంతోషించారు. ఆయన సంతోషానికి కారణం వేరు. "హమ్మయ్య! ఇంక దిగు బొజ్జిరెడ్డీ. అరవై ఒకటికి అరవై అంటే పైవాళ్ళు ఒప్పుకోవడం లేదయ్యా, నా ప్రాణం తీస్తున్నారు. ఇదిగో, నిన్ను పర్మనెంటు వాచరుగా తీసుకుంటూ ఆర్డరు. నిజం ఆర్డరే, చూసుకో. దీనికి నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకటే, తొర్ర ఖాళీ చేశానని ఈ ధ్రువపత్రం మీద సంతకం."

రెండు కాగితాలూ పైకి అందించాను. అతను ఆర్డరు చాలాసేపు చూశాడు. పంతొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కాగితం, పల్లాల బొజ్జిరెడ్డి అని టైపు కొట్టి ఉంది. తడవకుండా పొట్టకి ఆనించుకుని పట్టుకున్నాడు. తర్వాత రెండోది చూశాడు.

"సంతకమెడితే సెట్టు కొట్టేత్తారా?"

"పిట్ట వెళ్ళిపోయింది కదయ్యా ఇంక" అన్నారు పద్మనాభం గారు.

"వచ్చే ఉగాదికి మళ్ళీ వత్తాదండి. ఈ తొర్రకే వత్తాది. ఇల్లు లేకపోతే ఎక్కడికి పోద్దండి?"

"ఆ సంగతి వచ్చే ఉగాదికి చూద్దాం. ముందు నీ బతుకు చూసుకో. సంతకం పెట్టు."

బొజ్జిరెడ్డి పద్మనాభం గారి వైపు కాక నా వైపు చూశాడు. వేళాకోళం ఏమీ లేదు ఆ మొహంలో. తెలియక అడుగుతున్న మనిషిలాగే అడిగాడు.

"గుమస్తాగారూ, జంతువు సంతకం సెల్లుతాదాండి?"

ముప్పై ఒక్కేళ్ళలో చదివిన రూల్సన్నీ ఒకసారి తిరగేసుకున్నాను. పద్మనాభం గారు గొడుగు కింద నుంచి నన్నే చూస్తున్నారు.

"చెల్లదు" అన్నాను.

"అదేమిటయ్యా!" అన్నారు పద్మనాభం గారు. "అయితే ముందు మళ్ళీ మనిషిగా రాసేద్దాం, ఆ తర్వాత సంతకం పెడతాడు."

"మనిషిగా రాయాలంటే తొర్ర ఖాళీ చేసినట్టు ధ్రువపత్రం జతపరచాలండి."

"ధ్రువపత్రానికేమో..."

"మనిషి సంతకం కావాలండి."

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "దీని మీద పైవాళ్ళ వివరణ కోరాలి" అన్నారు చివరికి. పై ఆఫీసు వివరణ ఇవ్వడానికి ఎంతకాలం పడుతుందో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. కొత్త వాచరు గొడుగు పట్టుకోగా జీపు వైపు నడిచి వెళ్ళిపోయారు.

బొజ్జిరెడ్డి రెండు కాగితాలూ కిందికి అందించాడు. పర్మనెంటు ఆర్డరు వదలడానికి ఒక క్షణం ఎక్కువ పట్టింది అతని చేతికి. తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

అంతలో కన్నమ్మ గోనెపట్టా కప్పుకుని, సొరబుర్ర పట్టుకుని వచ్చింది. నన్ను చూసి పలకరించలేదు. నిచ్చెన మానుకి ఆనించి మొదటి మెట్టు మీద కాలు పెడితే, కింద బురదకి నిచ్చెన జారింది. పట్టుకోవడానికి అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. వన్యప్రాణులకు ఆహారం పెట్టేవాళ్ళకి తోడ్పడడం కూడా నేరమేనని, ఏ సెక్షనో కూడా నాకు తెలుసు. సంచి బురదలో పెట్టి రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాను.

"గట్టిగా పట్టుకోండి గుమస్తాగారూ" అంది కన్నమ్మ, పైకెక్కుతూ.

గట్టిగానే పట్టుకున్నాను.